పున్నమి పండుగ తర్వాతి నీళ్లు

అక్టోబరు పద్నాలుగు, శనివారం, సాయంత్రం నాలుగు గంటల ఆరు నిమిషాలకు మా అన్నయ్య రాన్ షిచెంగ్ చొంగ్‌చింగ్‌లో చుచీమెన్ మెట్ల దగ్గర నదిలోకి దిగాడు. వయసు డెబ్బై ఒకటి. నడుముకు నారింజ రంగు ఈతబుడగ కట్టుకున్నాడు. బట్టలు, ఫోన్ ఆ బుడగ సంచిలోనే ఉన్నాయి. నాలుగున్నరకు ఇవతలి ఒడ్డున, లుంగ్‌మెన్‌హావ్ మెట్ల దగ్గర, నేను కూర్చున్న చోట ఎక్కాలి. ఇప్పుడు నాలుగూ ముప్పై నాలుగు.

నాలుగు నిమిషాలు ఆలస్యమేమీ కాదు. నీళ్లు గడియారం చూసుకుని నడవవు, మనిషీ అంతే. ఫ్లాస్కులో అల్లం నీళ్లున్నాయి, ఒళ్లో అతని కోటు ఉంది, మధ్యాహ్నమే నా చేతికిచ్చాడు, కోటు జేబులో టూరు వాళ్లిచ్చిన పసుప్పచ్చ టోపీ ఉంది. దిగే ముందు ఫోన్ చేశాడు. నలభై ఒక్క సెకన్లు. ‘దిగుతున్నా చిన్నీ. టోపీల జనం ఇంకా రోప్‌వే క్యూలోనే ఉన్నారు. వాళ్లు పైనుంచి వచ్చేలోపల నేను కిందనుంచి వచ్చేస్తా, చూస్తూండు’ అన్నాడు. నేను నీళ్లకేసి చూస్తున్నాను. చెప్పవలసిన మాట నోటి దాకా వచ్చింది. అన్నయ్యా, నీళ్లు నువ్వనుకున్నట్టు లేవు, పైకి ఎక్కుతున్నాయి, నడవడం లేదు, అక్కడ దిగకు, ఇంకా కిందికి వచ్చి వంతెన దగ్గర దిగు. ఇదంతా చెప్పడానికి పది సెకన్లు చాలు. నేనన్నది, ‘సరే అన్నయ్యా, చల్లగా ఉంటాయి.’ ‘చలా? మా ఊళ్లో చలి చూశావా నువ్వు?’ అని నవ్వి పెట్టేశాడు. మా ఊరు అన్నాడు. కరమాయ్‌ని. యాభై మూడేళ్లుగా ఎడారిలో ఆ చమురు ఊళ్లో ఉన్నాడు, అనడూ మరి. మూడు నిమిషాల తర్వాత నేనే చేశాను. మోగింది, ఎత్తలేదు. ఫోన్ సంచిలో ఉంది, సంచి నీళ్ల మీద ఉంది. మళ్లీ చేశాను.

ఆకురాలే కాలపు పున్నమి పండుగ అయి పదిహేను రోజులు. పండుగ నాటికి ఈ మెట్ల మీద తాడు కట్టే ఇనుప కడియం పొడిగా ఉంది. దాని పైన తొమ్మిది మెట్లు మునిగాయి ఇవాళ్టికి. నేను రోజూ లెక్కపెడతాను, ఎవరూ అడక్కపోయినా. ముప్పై అయిదేళ్లు నీటిమట్టం చదివే ఉద్యోగం చేసి రిటైరయినదాన్ని, కళ్లు వాటంతటవే అటు పోతాయి. అన్నయ్య పెరిగిన రోజుల్లో పున్నమి పండుగ అవగానే ఈ పెద్ద నది తగ్గడం మొదలుపెట్టేది. రోజుకొక మెట్టు బయటపడేది, ఆ మెట్టు మీద బురద, బురదలో నత్తలు, మేం డబ్బాలు పట్టుకుని పోయేవాళ్లం. తగ్గుతున్నా నీళ్లు నడిచేవి. చుచీమెన్ దగ్గర దిగినవాణ్ని నది తనే మోసుకుని, అడ్డంగా చేతులు వేస్తూ పోతే చాలు, ఇరవై నిమిషాల్లో లుంగ్‌మెన్‌హావ్‌లో దించేది. నది ఒడ్డు పిల్లలందరికీ అది తెలుసు, ఎవరూ నేర్పక్కర్లేదు. దిగువన ఆనకట్ట కట్టాక అది తిరగబడింది. ఎండాకాలం ఖాళీ చేస్తారు, ఆకురాలే కాలంలో నింపుతారు. నింపే రోజుల్లో నీళ్లు మా ఊరి దాకా వెనక్కి ఎక్కుతాయి, ఎక్కి కూర్చుంటాయి. ఇప్పుడు చుచీమెన్‌లో దిగినవాడు లుంగ్‌మెన్‌హావ్‌కి రాడు. ఎదురుగా, ఇదే ఒడ్డున ఎగువనున్న హైతాంగ్‌షీకి పోతాడు. అక్కడ మెట్లు లేవు, రోడ్డు గోడ ఉంది, గోడ ముందు లంగరేసిన పంట్లు ఏడున్నాయి, ఒకదాని వెనక ఒకటి, హోటళ్లవి రెండు, మిగతావి ఖాళీ. కూర్చున్న నీళ్లయినా పంటు మొన దగ్గర మాత్రం కిందికి లాగుతాయి. ఇక్కణ్నుంచి ఆ పంట్లన్నీ కనపడవు. ఏడో దాని వెనక్కొస మాత్రమే కనపడుతుంది, ముందువన్నీ దాని చాటున ఉన్నాయి.

నాలుగూ నలభై ఒకటి. పైన రోప్‌వే పెట్టె ఒకటి ఇటు వస్తోంది, ఒకటి అటు పోతోంది. అద్దాలకు ముఖాలు ఆనించుకుని జనం. వాళ్లలో టోపీలున్నాయో లేవో ఈ దూరానికి తెలియదు. పొద్దున ఇదే జనంతో నూడుల్స్ తిన్నాం, ఎనిమిదిన్నరకి, వాళ్ల హోటలు సందులో. ఇరవై ఇద్దరు, అందరూ చమురు బావుల్లో పనిచేసి రిటైరయినవాళ్లు, అయిదు రోజుల టూరు. అన్నయ్య మా ఇంట్లో దిగనన్నాడు. ‘టూరిస్టుగా వచ్చా, టూరిస్టుగానే ఉంటా చిన్నీ, నీ చేత దుప్పట్లు ఉతికించడానికి రాలేదు’ అన్నాడు. నిన్నంతా వాళ్లతో కలిసి రైలు మేడ మధ్యలోంచి దూరిపోతుంటే ఫోటోలు తీశాడు. నోరు తెరిచి నిలబడి దాన్ని మింగుతున్నట్టు అందరూ తీయించుకుంటారు, అతనూ తీయించుకున్నాడు, నాకు పంపాడు. ఆ ఫోటోలో అతని వెనక కనిపించే కొండ మీద మా అమ్మ సమాధి ఉంది. సమాధి చేసినప్పుడు రాలేదు, టెలిగ్రాం పంపాడు. సెలవు దొరకలేదని పదకొండు మాటలు. ఫోటో బాగుందని జవాబు పెట్టాను.

నూడుల్స్ దగ్గర అతనే ఆర్డరు చెప్పాడు అందరికీ. ‘ఇది మా వీధి తిండి, కారం తగ్గించమని ఎవడూ అడగొద్దు, పరువు పోతుంది’ అన్నాడు. మూడో ముద్దకు పొలమారింది. ముఖం ఎర్రబడింది, కళ్లనిండా నీళ్లు, ఊపిరి అందక బల్ల పట్టుకున్నాడు. గెంగ్ అని వాళ్ల జట్టులో ఒకావిడ ఉంది, క్రేను నడిపేదట, గొంతు పెద్దది. ఆవిడ వీపు మీద చరిచి, ‘ఏమయ్యా రాన్, ఇంతకీ ఇక్కడివాడివి నువ్వా నేనా? నేను చూడు, ఊదుకుంటూ తింటున్నా’ అంది. అందరూ నవ్వారు. అన్నయ్యా నవ్వాడు. అప్పుడు కొట్టు పిల్ల నీళ్లు తెచ్చి పెడుతూ, ‘తాతగారూ, మీదే ఊరు?’ అని అడిగింది. మాట్లాడుతున్నది మా ఊరి మాటే అనుకుంటున్నాడు పాపం, ఆ పిల్ల చెవికి అలా పడలేదు. అతను గిన్నె పక్కకు నెట్టాడు. నెట్టాక, అరనిమిషం కాలేదు, ఇవాళ సాయంత్రం నది ఈదుతానన్నాడు.

‘మీరు రోప్‌వేలో రండి, గంటన్నర క్యూలో నిలబడి. నేను కిందనుంచి వస్తా. చుచీమెన్‌లో దిగితే లుంగ్‌మెన్‌హావ్‌లో తేలుతా. పున్నమి పండుగ అయిపోయింది, పెద్ద నదికి ఇక పొగరుండదు, దిగిపోతూ ఉంటుంది. కరమాయ్ ఈతకొలనులో రోజూ నలభై సార్లు తిరిగేవాణ్ని, ఇది నాకో లెక్కా?’

‘టిక్కెట్టు మిగుల్చుకోడానికి ఎన్ని వేషాలయ్యా’ అన్నాడు ఒకతను.

గెంగ్ మాత్రం నా వైపు తిరిగింది. ‘ఏమ్మా, నువ్వు నీళ్ల ఆఫీసులో చేశావటగా. మీ అన్న చెప్పేది నిజమేనా?’ అందరూ నన్నే చూశారు. అన్నయ్యా చూశాడు. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి కారానికి. నేను చాప్‌స్టిక్స్ గిన్నె మీద పెట్టి, ‘అన్నయ్య చెప్పిందే’ అన్నాను.

ఎందుకన్నానో ఈ పావుగంటలో నాలుగు రకాలుగా చెప్పుకున్నాను. ఒకే పూట రెండుసార్లు అందరి ముందూ తల వంచుకోనివ్వడం ఇష్టం లేక, అది ఒకటి. అది నిజమే. తర్వాత ఒంటరిగా దొరికినప్పుడు చెప్పొచ్చనుకున్నాను, అదీ నిజమే, మధ్యాహ్నం కోటు ఇచ్చినప్పుడు ఒంటరిగానే దొరికాడు, మెట్ల మీద ఇద్దరమే ఉన్నాం, ‘బుడగ గట్టిదేనా’ అని మాత్రం అడిగాను. మూడోది పాతది. అరవై తొమ్మిదిలో, నాకు పదేళ్లు, అతనికి పదిహేడు. చుచీమెన్ మెట్ల మీద స్నేహితులతో చెబుతున్నాడు, నిన్న నాన్నతో పాటు పెద్ద నది దాటానని, ఈదుకుంటూ. నేను పక్కనే నత్తలు కడుగుతూ, ‘లేదు, మధ్యలో నాన్న పడవలోకి లాగాడు, వాంతి చేసుకున్నాడు’ అన్నాను. ఊరికే అన్నాను, జరిగింది అన్నాను. వాళ్ల నవ్వు గోడలకు తగిలి తిరిగొచ్చింది. మర్నాటి నుంచి అతన్ని ‘వాంతి రాన్’ అన్నారు. తర్వాతి వసంతంలో చమురు ఊరికి మనుషులు కావాలని కాగితం వస్తే అందరికంటే ముందు పేరిచ్చాడు. స్టేషనులో అమ్మ చెయ్యి పట్టుకున్నాడు, నాన్న చెయ్యి పట్టుకున్నాడు, నా తల మీదుగా చూశాడు. ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరూ ధ్రువీకరించలేదు. అడిగే ధైర్యం నాకు లేదు, చెప్పే అవసరం అతనికి రాలేదు. అప్పట్నుంచి అన్నయ్య ఏం చెప్పినా నేను అన్నయ్య చెప్పిందే అంటాను. నాలుగోది చెప్పడానికి కష్టంగా ఉంది. ఆ బల్ల దగ్గర, ఒక్క క్షణం, అతని లెక్క తప్పు కావాలని అనిపించింది. టెలిగ్రాం పంపినవాడు, మా ఊరు అని ఇంకో ఊరిని అనేవాడు, నది తనని గుర్తుపట్టదని తనే తెలుసుకోవాలని. తెలుసుకుంటే ఎక్కడో గోడ దగ్గర తడిసి వణుకుతూ ఎక్కుతాడు, నేను కోటు కప్పుతాను. నేను చూసిన దృశ్యం అంతవరకే.

నాలుగూ యాభై మూడు. నా బూటు ముందున్న మెట్టు పొడిగా ఉండేది, ఇప్పుడు అంచు తడిసింది. పడవ అల కావచ్చు. వేలు పెట్టి చూశాను, అల పోయాక కూడా తడి కిందికి దిగలేదు. ఉద్యోగంలో నాకు రెండు గడులు ఉండేవి, టైము ఒకటి, మట్టం ఒకటి. పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి, వరదప్పుడు గంటగంటకీ. ఫోన్లో అంకె చెప్పేదాన్ని, అవతలివాడు అంకె తిరిగి చెప్పేవాడు, పెట్టేసేవాళ్లం. ఏం జరగబోతోందో చెప్పడం నా పని కాదు, దానికి పై ఆఫీసులో వేరే మనుషులున్నారు. ఎనభై ఒకటి వరదలో మూడంతస్తుల ఎత్తు నీళ్లు వస్తున్నప్పుడు కూడా నేను అంకెలే చెప్పాను, కింది వీధిలో వాళ్లు మంచాలు మోసుకుపోతుంటే కిటికీలోంచి చూస్తూ. కొలబద్ద దగ్గర సుడి ఉండేది. ఎగువన మునిగినవాళ్లు కొందరు మూడో రోజునో నాలుగో రోజునో అక్కడికి వచ్చి ఆగేవాళ్లు, ముఖం కిందికి పెట్టుకుని, కొలబద్దను తలతో మెల్లగా తడుతూ. పుస్తకంలో వాళ్లకు గడి లేదు. నేను వంగి, వాళ్ల భుజం పక్కనుంచి అంకె చదివి, రాసేదాన్ని.

‘ఏమ్మా రాన్, ఫ్లాస్కు పట్టుకుని ఎవరి కోసం తపస్సు?’

ఔయాంగ్. ఈ మెట్ల దగ్గర రోజూ ఈదుతాడు, ఇరవై ఏళ్లుగా. భుజాన తన బుడగ, కాళ్లకు ప్లాస్టిక్ చెప్పులు, ఒంటి మీద లాగు తప్ప ఏం లేదు, పొట్ట మీద పాత కోత గీత. మా అన్నయ్య కోసమన్నాను. చుచీమెన్‌లో దిగాడన్నాను.

‘చుచీమెన్‌లోనా? ఇవాళా?’ నవ్వబోయి ఆగిపోయాడు. ‘ఎప్పుడు?’

‘నాలుగూ ఆరుకి.’

అతను నీళ్లలోకి ఉమ్మాడు. ఉమ్మిన నురుగు అక్కడే తిరిగింది, ఎటూ పోలేదు. ఇద్దరం దాన్నే చూశాం. ‘నెల నుంచి అక్కడ ఎవడూ దిగట్లేదమ్మా. మేమే వంతెన దగ్గర దిగి ఒడ్డు పట్టుకుని కొట్టుకుంటున్నాం. నీకు తెలీదా ఏంటి, నువ్వు చెబితేనేగా మాకు తెలిసేది.’ నేను ఫ్లాస్కు మూత బిగించాను. ‘ఏ ఊరాయన?’ అన్నాడు. ఈ ఊరే అన్నాను. ‘ఈ ఊరైతే ఎందుకు దిగుతాడు?’ అని, నా ముఖం చూసి, ఇంకేం అడగకుండా మెట్లెక్కి ఎగువకు పరుగెత్తాడు, చెప్పులు టపటపలాడుతూ, ఫోన్ చెవికి పెట్టుకుని.

అయిదూ రెండుకి టోపీలు వచ్చాయి. అయిదుగురు, ముందు గెంగ్. పై మెట్టు నుంచే అరిచింది, ‘ఎక్కడ దాచావమ్మా మీ అన్నని? గెలిచానని ఎక్కడో బీరు తాగుతున్నాడా?’ దగ్గరకొచ్చి నా పక్కన కూలబడింది, మోకాళ్లు పట్టుకుని. ‘పైనుంచి చూశాం, వీడియో కూడా తీశా. పిలిచాం, వినపడి చెయ్యి ఊపాడు కూడాను. ఇదిగో.’

ఫోన్ తీసుకున్నాను. నాలుగూ నలభై మూడుకి తీసిన వీడియో. పద్నాలుగు సెకన్లు. ముందు పెట్టె అద్దం, అద్దంలో గెంగ్ వేలు, తర్వాత నీళ్లు. ఎడమ మూలన, దూరంగా, నారింజ చుక్క. దాని ముందు ఇంకో చుక్క, నల్లది, తల. ఒడ్డు నుంచి నూరు గజాలుంటుంది. పక్కన పంటు కప్పు కనిపిస్తోంది, ఎర్ర రేకుల కప్పు, అది హోటలు పంటు, వరసలో రెండోది. వీడియోలో అందరూ అరుస్తున్నారు, ‘రాన్! ముసలి చేపా! ఇటు చూడు!’ చెయ్యి లేచింది. పడింది. లేచింది. మూడుసార్లు. నవ్వులు. నేను మళ్లీ మొదట్నుంచి పెట్టాను. అంకె చదివినట్టు చూశాను, అతన్ని కాదు, పంటు కప్పును, కప్పుకూ చుక్కకూ మధ్య దూరాన్ని. పద్నాలుగు సెకన్లలో అతను దిగువకు కదల్లేదు. ఒడ్డు వైపు కదిలాడు. పంటు మొన వైపు. మూడోసారి చెయ్యి లేచినప్పుడు ముఖం మీద నీళ్లున్నాయి.

‘ఊపుతున్నాడు కదూ?’ అంది గెంగ్. ఈసారి గొంతు చిన్నది.

నేను ఫోన్ తిరిగిచ్చాను. ఆవిడ దాన్ని మళ్లీ పెట్టలేదు. వెనకున్నవాళ్లలో ఒకతను టోపీ తీసేశాడు, తీసి ఏం చెయ్యాలో తెలియక చేతులు మార్చుకుంటూ నిలబడ్డాడు. గైడు పిల్ల ఫోన్ చేసింది, బస్సు అయిదున్నరకే, ఆలస్యమైతే పార్కింగు వాళ్లు తిడతారని. గెంగ్, ‘తిట్టనీవే తల్లీ’ అని పెట్టేసింది. నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి మోటుగా ఉంది, క్రేను పిడి పట్టిన చెయ్యి. ‘కొలనులో అందరికంటే ముందుండేవాడమ్మా’ అంది. ‘మా దగ్గర నది లేదు. ఈ నది గురించి చెబుతూనే ఉండేవాడు. మా చెల్లి దాని అంకెలు రాస్తుంది, మా చెల్లికి తెలియకుండా అది ఒక్క మెట్టు కూడా ఎక్కదని చెప్పేవాడు. నీళ్ల ఆఫీసు చెల్లి అనే అంటాం నిన్ను మేమందరం, పేరు తెలీదు.’

అయిదూ పంతొమ్మిదికి నది పోలీసు పడవ వంతెన కింద నుంచి ఎగువకు పోయింది. దాని అల వచ్చి మా మెట్టు మీదికెక్కింది, ఫ్లాస్కు పడింది, దొర్లింది, ఎవరూ పట్టుకోలేదు. ఔయాంగ్ గోడ మీది నుంచి చేతులతో ఏదో చూపిస్తున్నాడు పడవవాళ్లకు. ఏడో పంటు దాటి పడవ కనపడకుండా పోయింది. ఇంజను ఆపేసిన చప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. పైన రోప్‌వే పెట్టెలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి, అందులోవాళ్లు పడవను ఫోటో తీస్తున్నారు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడంలో కొంత వీలుంది, దానిలో ఆ గోడకు ఎక్కడో ఇనుప నిచ్చెన ఉండొచ్చు, పంటు మీది వంటవాడు ఎవడో వెదురు కర్ర అందించి ఉండొచ్చు, అన్నయ్య ఆ వంటింట్లో దుప్పటి కప్పుకుని వాళ్లకు కరమాయ్ చలి గురించి చెబుతూ ఉండొచ్చు. నేను అక్కడే ఉండిపోయాను, ఆ వంటింట్లో, పద్నాలుగు నిమిషాలు.

అయిదూ ముప్పై మూడుకి రెండో పంటు మొన కింద బుడగ దొరికింది. గాలి పోలేదు. నడుము పట్టీ బకిల్ విప్పి ఉంది. సంచిలో చొక్కా, ప్యాంటు, ఫోన్ ఉన్నాయి, ఫోన్‌లో నావి తొమ్మిది కాల్స్. మనిషి దొరకలేదు. ఈ సంగతి నాకు చెప్పినవాడు ఒడ్డున ఉన్న పోలీసు, ముప్పై ఏళ్లుంటాయి, మెట్ల మీద నా కంటే ఒక మెట్టు కింద గొంతుక్కూర్చుని చెప్పాడు. పట్టీ ఎక్కడన్నా చిక్కుకుంటే ఈతగాళ్లే విప్పేసుకుంటారనీ, వెతుకుతున్నారనీ చెప్పాడు. తర్వాత కాగితం తీశాడు. పేరు, వయసు, ఊరు. ఊరు దగ్గర కరమాయ్ అని గెంగ్ చెప్పింది, చొంగ్‌చింగ్ అని నేను చెప్పాను, అతను రెండూ రాశాడు. దిగిన టైము. ఎవరితో చివరగా మాట్లాడాడు. నాతో అన్నాను. ఏం మాట్లాడాడు. చెప్పాను.

‘ఈ రోజుల్లో నీళ్లు ఎలా ఉన్నాయో ఆయనకు తెలుసా పెద్దమ్మా?’

గెంగ్ నోరు తెరిచింది. పొద్దున బల్ల దగ్గర ఆవిడ ఉంది, నన్ను అడిగింది ఆవిడే, నేనన్నది ఆవిడ విన్నది. నన్ను చూసి మూసుకుంది.

‘మా అన్నయ్యకు తెలియదు’ అన్నాను. ‘నాకు తెలుసు. చెప్పలేదు.’

అతను తల ఎత్తి నన్ను చూశాడు. అయిదు గంటల నలభై ఎనిమిది నిమిషాలకు ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు.